కడప నుంచి దుబాయ్‌లో ఫ్లాట్ కొన్నాం: డబ్బు పంపడం దగ్గరే అసలు కథంతా

మేముండేది కడపలో. 2025 ఆగస్టులో నేనూ మా ఆవిడా కలిసి దుబాయ్‌లో ఒక స్టూడియో ఫ్లాట్ కొన్నాం, ఇద్దరి పేరు మీదా. ఆ ఏడాది జనవరిలో ఆలోచన మొదలైతే అద్దె చేతికొచ్చేసరికి అక్టోబరు అయింది. మా వైపు గల్ఫ్‌కి మనిషి పోని వీధి ఉండదు, కువైట్‌లో మనలాంటి వాళ్ళు మామూలుగా ఇల్లు కొనుక్కోలేరు కాబట్టి కొనాలనుకునే వాళ్ళ చూపంతా దుబాయ్ మీదే. విషయం తెలిసినప్పటి నుంచి ఎవరో ఒకరు నా మందుల షాపుకొచ్చి అడుగుతూనే ఉన్నారు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా. అక్కడ మోసపోతామేమో అని అందరికీ భయం. మాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం ఇటువైపు పనే, అంటే మన డబ్బు కడప బ్యాంకు నుంచి అక్కడికి సక్రమంగా చేరడం.

జనవరిలో బెంగళూరులో ఒక హోటల్లో ప్రాపర్టీ షో పెట్టారని మా ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. అతను షార్జాలో ఉంటాడు. వెళ్ళాం. ఇంకా పునాది కూడా పడని బిల్డింగులు, బల్లల మీద అద్దాల మేడల నమూనాలు, కాఫీలు, టిఫిన్లు. ఇప్పుడు ఇరవై శాతం కట్టండి, తర్వాత నెలకు ఒక శాతం, మిగతాది తాళాలు ఇచ్చాక రెండేళ్ళు కట్టుకోవచ్చు అన్నారు. వినడానికి చాలా బాగుంది. క్రెడిట్ కార్డు ఉంటే ఇక్కడే టోకెన్ గీకెయ్యండి సార్, ఈ రేటు రేపు ఉండదు అని ఒక అబ్బాయి మా పక్కనే నిలబడ్డాడు. మా ఆవిడ కుర్చీలోంచి లేచి, ఆలోచించుకుని చెప్తాం నాయనా అని నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

ఎర్రముక్కపల్లెలో మా ఆడిటర్ దగ్గరికి పోయాం. ఆయన మొదట అడిగింది, కార్డు గీకారా అని. లేదనగానే ఊపిరి పీల్చుకున్నాడు. విదేశంలో ఇల్లు కొనేందుకు మన కార్డు వాడకూడదట, విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్) అనే పద్ధతిలో బ్యాంకు ద్వారానే పంపాలి, ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా. తాళాలు తీసుకున్నాక కట్టే వాయిదాలు చూడ్డానికి అప్పు లాగే ఉంటాయి, రేపు ఎవరైనా అడిగితే నేను సమాధానం చెప్పలేను, అలాంటి దాంట్లో దిగితే నేను సంతకం పెట్టను అన్నాడు.

ఆయన చెప్పిన ఇంకో మాట మాకు బాగా ఎక్కింది. 2013 ఆగస్టులో రూపాయి పడిపోతున్నప్పుడు రిజర్వు బ్యాంకు ఈ పరిమితిని 2 లక్షల డాలర్ల నుంచి 75 వేలకు తగ్గించేసింది, ఆ డబ్బుతో బయట ఇళ్ళు, స్థలాలు కొనడాన్నే ఆపేసింది. మళ్ళీ 2014లో గానీ వదల్లేదు. మీరు నాలుగేళ్ళ వాయిదాలకు ఒప్పుకున్నాక మధ్యలో ఇట్లాంటిది మళ్ళీ వస్తే బిల్డరు ఆగుతాడా అన్నా, అని అడిగాడు. కట్టుబడిలో ఉన్న ప్రాజెక్టులకు దుబాయ్‌లో 2007 నుంచే ఎస్క్రో చట్టం ఉంది, డబ్బు ఆ ప్రాజెక్టుకే వాడేలా పెట్టిన ప్రత్యేక ఖాతాలోకే, అంటే ఎస్క్రో ఖాతాలోకే పోవాలి, ఏజెంటు ఖాతాకో కంపెనీ మామూలు ఖాతాకో అడిగితే అక్కడే ఆగిపోవాలి. అది మంచి రక్షణే. కానీ ఆ చట్టం మన రిజర్వు బ్యాంకు నిబంధనలను మార్చలేదు కదా. కట్టడం పూర్తయినది, ఒకేసారి డబ్బిచ్చి ఒకేసారి రాయించుకునేది కొందామని ఆరోజే తేల్చుకున్నాం.

డబ్బు ఎక్కడిదంటే, రిమ్స్ వైపు 2004లో ఇద్దరి పేరునా కొన్న ఎనిమిది సెంట్ల స్థలం. కోటీ ఇరవై లక్షలకు బేరం కుదిరింది. కొనేవాళ్ళు మార్చిలోనే రిజిస్ట్రేషన్ పెట్టుకుందామన్నారు. ఆడిటర్ వద్దన్నాడు, ఏప్రిల్ 1 దాటాక చేయండి అని పట్టుబట్టాడు. ఎందుకో అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు గానీ ఇప్పుడు ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. స్థలం అమ్మిన లాభం మీద 12.5 శాతం పన్ను, సర్‌ఛార్జీ, సెస్సు కలిపి మా ఇద్దరికీ పదిహేడు లక్షల దాకా తేలింది. ఇల్లు కొంటున్నాం కదా మినహాయింపు రాదా అంటే, ఆ మినహాయింపు ఇండియాలో కొన్న ఇంటికే. విదేశంలో కొంటే పైసా మినహాయింపు లేదు. ఈ సంగతి మాతో మాట్లాడిన ఏ దుబాయ్ ఏజెంటూ చెప్పలేదు.

ఇంకో పక్క టీసీఎస్, అంటే బ్యాంకే ముందుగా వసూలు చేసే పన్ను. విదేశానికి ఇట్లా పంపితే ఏడాదికి మనిషికి 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం అదనంగా వసూలు చేసి ప్రభుత్వానికి కడుతుంది. 2025 ఏప్రిల్ 1కి ముందు ఆ హద్దు 7 లక్షలే. ఇద్దరి పేరునా కొనడం వల్ల ఇద్దరికీ చెరో పది లక్షలు వదిలారు. అయినా మేము పంపిన కోటీ ముప్పై మూడు లక్షల చిల్లర మీద టీసీఎస్ ఇరవై రెండున్నర లక్షలు అయింది. ఫ్లాట్ ధర కాకుండా ఆ ఇరవై రెండున్నర లక్షలూ చేతిలో ఉండాలి, లేకపోతే డబ్బు కదలదు. ఇది పోయే డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. స్థలం అమ్మకమూ టీసీఎస్సూ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడ్డాయి కాబట్టి ఒకదానికొకటి సరిపోయి, మిగిలింది వెనక్కి వస్తుంది. మార్చిలో రిజిస్ట్రేషన్ చేసుంటే పదిహేడు లక్షలు అక్కడ కట్టి, ఇరవై రెండున్నర లక్షలు ఇక్కడ ఇరుక్కుని, ఏడాదికి పైగా కూర్చోవాల్సి వచ్చేది.

మే నెలలో దుబాయ్ పోయాను, ఒక్కడినే. మా అమ్మకు తుంటి ఆపరేషన్ అయి మంచంలో ఉంది, ఆవిడను వదిలి మా ఆవిడ రాలేని పరిస్థితి. ఇంటర్నేషనల్ సిటీలో చూశాం, డ్రాగన్ మార్ట్ పక్కన. ఇంగ్లండ్, ఫ్రాన్స్, చైనా అని దేశాల పేర్లతో క్లస్టర్లుంటాయి, మన బడ్జెట్‌లో వచ్చే ప్రాంతం. మన తెలుగువాళ్ళూ బాగానే కనిపించారు, అది కొంచెం ధైర్యం ఇచ్చింది.

మొదట నచ్చిన ఫ్లాట్ చాలా చవగ్గా చెప్పారు. లోపల అద్దెకున్న మనిషి ఉన్నాడు. ఖాళీ చేయిస్తారా అంటే, దానిదేముంది సార్ చేయించేద్దాం అన్నాడు ఏజెంటు. బావమరిది తెలిసినవాళ్ళను అడిగి వచ్చి చెప్పాడు: అమ్మడానికో సొంతానికో ఖాళీ చేయించాలంటే అక్కడ నోటరీ ద్వారా గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ పన్నెండు నెలల నోటీసు ఇవ్వాలి. అద్దె కూడా మన ఇష్టానికి పెంచలేము, ఎంత పెంచొచ్చో ప్రభుత్వ సూచీ చెప్తుంది. ఆ మనిషి పాత అద్దెలో చాలా తక్కువకు ఉన్నాడు. చవక ఎందుకో తెలిసిపోయింది, వదిలేశాం.

చివరికి తీసుకున్నది ఖాళీ ఫ్లాట్, 5,20,000 దిర్హమ్‌లు. ప్రకటన మీద ఉండే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దానికి పర్మిట్ ఉందో లేదో తెలుస్తుంది, దుబాయ్ రెస్ట్ అనే ప్రభుత్వ యాప్‌లో టైటిల్ డీడ్ అసలుదో కాదో చూసుకోవచ్చు. మన దగ్గర ఈసీ తీయించినంత సేపు కూడా పట్టలేదు. చదరపు అడుగుకు ఇంత అని ఏటా కట్టే సర్వీస్ ఛార్జి ఒకటుంది, దాని బాకీలు అమ్మేవాడు కట్టేశాకే బిల్డరు ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం ఇస్తాడు. మాది ఏడాదికి ఆరున్నర వేల దిర్హమ్‌ల చిల్లర. బిల్డింగును బట్టి ఇది చాలా మారుతుంది, ధర అడిగే ముందు దీన్ని అడగండి. లిఫ్ట్ పక్కన సీలింగు మీద నీటి మరకలు కనబడితే వాచ్‌మన్‌ను అడిగాను, కేరళ అబ్బాయి, ట్యాంకు లీకు అని, రిపేరు అయిపోయిందని బాత్రూమ్ గోడ తట్టి మరీ చూపించాడు.

అదే ప్రయాణంలో అక్కడి బ్యాంకులో నాన్ రెసిడెంట్ ఖాతాకు దరఖాస్తు పెట్టాను. రిజిస్ట్రేషన్ రోజు అమ్మేవాడికి అక్కడి బ్యాంకు ఇచ్చిన మేనేజర్స్ చెక్ కావాలి, మన డీడీ లాంటిది. ఆరు నెలల స్టేట్‌మెంట్లు, వ్యాపారం కాగితాలు, ఐటీ రిటర్నులు అన్నీ ఇచ్చినా ఖాతా తెరుచుకోవడానికి నెల పైన పట్టింది. ఫ్లాట్ చూసుకున్నాక ఖాతా తెరుద్దాం అనుకుంటే బేరం చేజారిపోతుంది, ముందే మొదలుపెట్టాలి.

జూన్ చివర్లో అమ్మకపు ఒప్పందం, ఫారం ఎఫ్ అంటారు, సంతకాలయ్యాయి. పది శాతం సెక్యూరిటీ చెక్కు ఇవ్వాలి. మాకు చెక్కు బుక్కు లేదు, బావమరిది తన చెక్కు రాసిచ్చాడు. గడువు జులై నెలాఖరు. ఆ లోపు మన వల్ల ఆగిపోతే ఆ యాభై రెండు వేల దిర్హమ్‌లు పోయినట్టే. పన్నెండు లక్షల పైమాట, అదీ అతని చెక్కు. ఈ నెల రోజులూ మేము అనుభవించిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

కడపలో మా బ్రాంచికి పోయి విషయం చెబితే వాళ్ళకూ కొత్తే. పిల్లల చదువుకు ఫీజులు పంపిన అనుభవం ఉంది గానీ ఇల్లు కొనడానికి ఎవరూ అడగలేదట. కాగితాలు ఇక్కడ తీసుకుని విదేశీ మారకం చూసే వేరే బ్రాంచికి పంపారు. ముందు అడిగింది ఖాతా ఎంత కాలంగా ఉంది అని. ఏడాది దాటి ఉండాలని వాళ్ళ నియమం, మా ఇద్దరివీ పాత ఖాతాలే కాబట్టి గండం గడిచింది. విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు ఫారం ఏ2, పాన్, పాస్‌పోర్టు, ఫారం ఎఫ్, స్థలం అమ్మిన దస్తావేజు, ఎఫ్‌డీలు రద్దు చేసిన కాగితాలు, రిటర్నులు. కౌంటర్‌లో అమ్మాయి ఫారంలో కుటుంబ పోషణ అని కోడ్ రాసేసింది, అది రాస్తే త్వరగా పోతుంది సార్ అంది. వద్దమ్మా అని మార్పించాను. విదేశంలో స్థిరాస్తికి ఎస్0005 అని వేరే కోడ్ ఉంది, అదే ఉండాలి. రేపు అడిగేది ఆ అమ్మాయిని కాదు, నన్ను.

రెండు వారాలైనా కదల్లేదు. రోజూ పదకొండింటికి బ్రాంచికి పోవడం, ఫైలు ఇంకా అక్కడే ఉంది సార్ అనడం. రాత్రిళ్ళు మా ఆవిడ, తమ్ముడి డబ్బు పోతే నేను పుట్టింటి గడప ఎట్లా తొక్కేది అని ఏడ్చేసింది. ఆ వారంలోనే ఒక పరిచయస్తుడు షాపుకొచ్చి, ఎందుకన్నా ఈ బాధ, ఇక్కడ నా చేతికియ్యి, సాయంత్రానికి దుబాయ్‌లో దిర్హమ్‌లు నీ బావమరిది చేతిలో ఉంటాయి, టీసీఎస్సూ లేదు ఏమీ లేదు అన్నాడు. హవాలా. గల్ఫ్ డబ్బుతో పెరిగిన ఊళ్ళకు ఈ దారి కొత్త కాదు. ఆ ఒత్తిడిలో ఎవరికైనా మనసు ఊగుతుంది. కానీ ఆ డబ్బుతో కొన్న ఇంటిని జీవితాంతం దాచుకుంటూనే ఉండాలి. రిటర్న్‌లో చూపలేము, అమ్మితే డబ్బు ఇంటికి తెచ్చుకోలేము, పట్టుబడితే ఫెమా (విదేశీ మారకం చట్టం) కేసు. కాఫీ తాగించి పంపించేశాను.

జులై మూడో వారంలో మొదట నా డబ్బు, రెండు రోజుల తర్వాత మా ఆవిడది వెళ్ళాయి. దిర్హమ్ రూ.23.70 పడింది. ఆరోజు ఫోన్‌లో కనబడే రేటు కంటే ఎక్కువే, బ్యాంకు తన మార్జిన్ వేసుకుంటుంది, పైన ఛార్జీలు, జీఎస్టీ. ముందే మాట్లాడుకుంటే కొన్ని పైసలు తగ్గిస్తారు, ఇంత మొత్తంలో పది పైసలు తగ్గినా యాభై వేల రూపాయల తేడా. తప్పక అడగండి.

డబ్బు చేరింది అనుకుంటే మా ఆవిడ పవర్ ఆఫ్ అటార్నీ తట్టుకుంది. ఆమె తరఫున నేను సంతకం పెట్టేందుకు కడపలో నోటరీ చేయించి, రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, విదేశాంగ శాఖది, హైదరాబాద్‌లో యూఏఈ కాన్సులేట్‌ది, ఆ తర్వాత దుబాయ్‌లో వాళ్ళ విదేశాంగ శాఖది, అరబిక్ అనువాదం, ఇన్ని ముద్రలు పడాలి. చాలా దేశాల్లో చెల్లే అపోస్టిల్ అనే ముద్ర ఒక్కటీ అక్కడ సరిపోదు. ఏజెంటుకు ఇచ్చి చేయించినా మూడు వారాల పైనే. తీరా అనువాదంలో మా ఇంటిపేరు ఒక రకంగా, నా పాస్‌పోర్టును బట్టి వాళ్ళ సిస్టమ్‌లో ఎక్కింది ఇంకో రకంగా ఉందని వెనక్కిచ్చారు. మళ్ళీ అనువాదం. గడువు దాటింది. అమ్మే ఆయన ఈజిప్టు మనిషి, ఆయన ఒప్పుకుని రెండు వారాలు పొడిగిస్తూ సంతకం పెట్టాడు కాబట్టి సరిపోయింది, ఇంకొకడైతే చెక్కు పట్టుకుని కూర్చునేవాడు. ఫారం ఎఫ్‌లో గడువు రాసేటప్పుడు కనీసం అరవై రోజులు అడగండి, దాని కోసం ధరలో రెండు వేలు ఎక్కువిచ్చినా ఫర్వాలేదు.

రిజిస్ట్రేషన్ మాత్రం ఆగస్టు రెండో వారంలో ఒక ట్రస్టీ ఆఫీసులో (ల్యాండ్ డిపార్ట్‌మెంట్ తరఫున రిజిస్ట్రేషన్లు చేసే ఆఫీసు) గంటలో అయిపోయింది. టోకెన్ నంబరు, ఏసీ గది, ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని చెక్కుల మీద అంకెలు వేలితో ఒక్కొక్కటి తడుముతూ సరిచూసింది, నన్నూ అమ్మే ఆయన్నూ సంతకాలు పెట్టమంది, ప్రింటర్ నుంచి టైటిల్ డీడ్ తీసి చేతికిచ్చింది. అందులో మా ఆవిడ పేరు ఉందో లేదో మొదట చూసుకున్నాను. వాట్సాప్‌లో ఫోటో పెడితే కడపలో మా ఆవిడ మా అమ్మ మంచం దగ్గర కూర్చుని ఆమెకు చదివి వినిపించిందట.

ఖర్చుల లెక్క: ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఫీజు 4 శాతం, 20,800 దిర్హమ్‌లు. ఏజెంటుకు 2 శాతం, దాని మీద 5 శాతం వ్యాట్, 10,920. ట్రస్టీ ఆఫీసు 4,200. టైటిల్ డీడ్, ఎన్‌ఓసీ ఇంకో పదిహేను వందల పైన. మొత్తం మీద ధరకు ఏడు శాతం పైనే. నా విమానం, వీసా, పవర్ ఆఫ్ అటార్నీ ముద్రలు వేరు, అవి లక్షన్నర దాటాయి.

పెయింటింగు వేయించి, అద్దెకు మనిషి దొరికేసరికి నెల పైన ఖాళీ. ఒక హైదరాబాద్ కుర్రాడు చేరాడు, ఏడాదికి 38,000 దిర్హమ్‌లు, నాలుగు చెక్కుల్లో. ఎజారీ, అంటే అద్దె ఒప్పందాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించడం కూడా అయింది. సర్వీస్ ఛార్జి పోను మా పెట్టుబడి మీద ఐదున్నర శాతం చిల్లర మిగులుతుంది. అక్కడ ఈ అద్దెకు ఆదాయపు పన్ను లేదు, కానీ మేము ఇండియాలో ఉండేవాళ్ళం కాబట్టి ఇక్కడ చూపించి కట్టాలి, 30 శాతం తగ్గింపు పోను. ఏడు శాతం, ఎనిమిది శాతం అని షోలో చెప్పిన లెక్కల్లో ఇవేవీ లేవు. దిర్హమ్ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది, రూపాయి డాలరు మీద జారుతూ పోతే ఆ మేరకు మాకు కలిసొస్తుంది. మా ఆశ అంతా దాని మీదే, ఆ లెక్క నచ్చని వాళ్ళకు ఎఫ్‌డీయే నయం. 2008 తర్వాత అక్కడ ధరలు సగానికి పడిపోయినప్పుడు దెబ్బతిన్న వాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు, అందుకే పిల్ల పెళ్ళికి పెట్టుకున్న డబ్బు దీంట్లో ముట్టుకోలేదు.

ఇంకా పనులున్నాయి. రిటర్న్‌లో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఇద్దరమూ ఈ ఫ్లాటూ, అక్కడి బ్యాంకు ఖాతా చూపించాలి. దానికి లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా, మన మార్చి లెక్క కాదు. చూపించకపోతే నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా పడొచ్చు, పన్ను బాకీ ఏమీ లేకపోయినా సరే. అద్దె డబ్బు మళ్ళీ పెట్టుబడి పెట్టకపోతే 180 రోజుల్లో ఇండియాకు తెచ్చుకోవాలి. మన పేరున జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో మా ఆవిడ టీసీఎస్ కనబడుతోంది, నాది ఇంకా కనబడటం లేదు, టీసీఎస్ సర్టిఫికెట్ అయిన ఫారం 27డీ కోసం బ్రాంచికి తిరుగుతున్నాను. అక్కడి చట్టం ప్రకారం వీలునామా కూడా రిజిస్టర్ చేయించాలి. లేకపోతే ముస్లిమేతరులకు 2023 నుంచి వచ్చిన చట్టం ప్రకారం సగం భార్యకో భర్తకో, సగం పిల్లలకూ పోతుంది. మాకు ఆ పంపకం ఇష్టమే గానీ రేపు పిల్లలు కోర్టు చుట్టూ, అనువాదాల చుట్టూ తిరగడం ఇష్టం లేదు. అమ్మ లేచి తిరుగుతోంది, ఫిబ్రవరిలో ఇద్దరం కలిసి పోయి ఆ పని చేసుకొస్తాం.